11 ఏళ్ళుగా దేవుని దగ్గర ఒప్పుకుంటూనే ఉన్నాను, మనసు కుదుటపడటం లేదు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 49 ఏళ్ళు. మాది డెల్టాలో ఒక పల్లె, పేరుకి క్రైస్తవ కుటుంబం. మాకు అమ్మ ముందే పోయింది. నాన్న పోయాక ఆయన మూడెకరాల మాగాణి నా పేరుకి మార్చుకోవడానికి అక్క సంతకం కావాల్సి వచ్చింది. బ్యాంకు లోను కోసం అని చెప్పి పిలిపించాను. అక్క పొద్దున్నే బస్సులో వచ్చింది. నాకోసం గోంగూర పచ్చడి సీసా తెచ్చింది. రిజిస్ట్రార్ ఆఫీసులో "ఎక్కడ పెట్టాలిరా?" అని ఒక్క మాట అడిగింది. చదువుకోమని నేను ఇవ్వలేదు, తను అడగలేదు. వేలికంటిన సిరా కొంగుకి తుడుచుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. అది హక్కు వదులుకున్న దస్తావేజు అని తనకి ఈరోజుకీ తెలియదు. ఇది జరిగి 11 ఏళ్ళు. ఆ తర్వాత రెండేళ్ళకి నేను మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. 40 సెంట్లు అమ్మి ఇల్లు వేశాను, మిగతాది కౌలుకిచ్చాను. బావ పోయి రెండేళ్ళయింది. అక్క జాకెట్లు కుట్టుకుని బతుకుతోంది. ప్రతి క్రిస్మస్‌కి పిలిచి చీర పెడతాను గాని తన మొహం చూడలేను. రోజూ రాత్రి దేవుని దగ్గర ఒప్పుకుంటున్నాను. మందిరం స్లాబుకి 50 వేలు ఇచ్చాను. నెల మొదటి ఆదివారం, రొట్టె ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికొచ్చేసరికి ఫోను వచ్చినట్టు బయటికి వెళ్ళిపోతాను. తెలిసిన సేవకుడొకాయన, "బాప్తిస్మంలో అన్నీ పోయాయి, మళ్ళీ తవ్వుకోవద్దు" అన్నారు. దేవుడు నన్ను క్షమించలేదా? అక్కకి చెప్పాల్సిందేనా? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఇప్పుడు ఇది బయటపడితే ఏమవుతుందోనని టెన్షన్.

సమాధానం: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ పచ్చడి సీసా దగ్గర ఆగిపోయాను. 11 ఏళ్ళ తర్వాత కూడా ఆ సీసా, ఆ కొంగు మీకు కళ్ళకి కట్టినట్టు ఉన్నాయంటే మీ మనస్సాక్షి మొద్దుబారలేదు. దేవుడు మిమ్మల్ని వదిలేసి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు.

ముందు మొదటి ప్రశ్న. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." మొదటి యోహాను 1:9. ఈ వాక్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. దీన్ని ఏ మాత్రం తగ్గించి చెప్పను. ఒప్పుకున్న పాపి దేవుని గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి వెళ్ళాల్సిన పని లేదు. అయితే ఇందులో "నమ్మదగినవాడు" అన్నచోటే చాలామందిమి ఆగిపోతాం. పక్కనే "నీతిమంతుడు" అని ఉంది. కనికరం గలవాడు గనుక క్షమిస్తాడు అని యోహాను రాసి ఉండొచ్చు, రాయలేదు. నీతిమంతుడు గనుక క్షమిస్తాడు అన్నాడు. అంటే దేవుడు తప్పుని చూసీ చూడనట్టు పోనిచ్చేవాడు కాడు. ఆ తప్పుకి సిలువ మీద వెల పెట్టి మరీ క్షమిస్తాడు. అంత వెల పెట్టినవాడికి మీ అక్కకి జరిగింది చిన్న విషయంగా కనిపిస్తుందా?

ఇక "ఒప్పుకొను" అన్న మాట. కొత్త నిబంధన గ్రీకులో అక్కడున్న క్రియ హోమొలొగెయో. అదే మాట పలకడం అని దాని అర్థం. ఈ పని గురించి దేవుడు ఏమంటున్నాడో నేనూ అదే అనడం. మీరు రోజూ రాత్రి ఏమని ప్రార్థిస్తారో నాకు తెలియదు గాని, మీ ఉత్తరంలో ఒక వాక్యం చూడండి: "నా పేరుకి మార్చుకోవడానికి అక్క సంతకం కావాల్సి వచ్చింది." కావాల్సి వచ్చింది! ఎండ కాసింది, వాన వచ్చింది అన్నట్టు రాశారు. ఎందుకు కావాల్సి వచ్చింది? సగం ఆవిడది గనుక. క్రైస్తవ కుటుంబాలకి వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుకు వాటా, కూతురి వాటా సమానం. వీలునామా లేకుండా తండ్రి పోతే, తల్లి కూడా లేకపోతే, ఇద్దరు పిల్లలకి చెరి సగం. మూడెకరాల్లో ఎకరంన్నర మొదటిరోజు నుంచీ అక్కదే. మీరు ఆవిడ సంతకం తీసుకోలేదు తమ్ముడూ, ఆవిడ పొలం తీసుకున్నారు. కటువుగా ఉందని తెలుసు. ఈ ఒక్క మాట పలకలేకే 11 ఏళ్ళు "నా పాపములు క్షమించు ప్రభువా" అని బహువచనంలో దాక్కున్నారని నా అనుమానం. లేవీయకాండము 5:5లో తప్పు చేసినవాడు తాను ఏ విషయంలో పాపం చేశాడో దాన్నే ఒప్పుకోవాలని ఉంది. పద్దు పేరు లేకుండా మొత్తం కలిపి ఒప్పుకోవడం కాదు.

మీరు రాయలేదు గాని, ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ళు పట్టుకునే వాక్యం ఇంకొకటి ఉంది. 51వ కీర్తనలో దావీదు, "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు. ఇది చూపించి, పాపం దేవునికి విరోధంగా చేసింది గనుక దేవుని దగ్గర తేల్చుకుంటే చాలు అనేవాళ్ళని చూశాను. ఈ కీర్తన పుట్టిన సందర్భం గుర్తు తెచ్చుకోండి. రాజైన దావీదు ఊరియా భార్య బత్షెబని తీసుకుని, ఊరియాని యుద్ధంలో చంపించి, బిడ్డ కూడా పుట్టాక నాతాను ప్రవక్త వచ్చాడు. అంటే ఇంచుమించు ఏడాది పాటు దావీదు నోరు మెదపలేదు. నాతాను నేరుగా తిట్టలేదు. ఒక పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లని ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. దావీదుకి కోపం వచ్చి, ఆ గొర్రెపిల్లకి నాలుగింతలు ఇవ్వాలి అని తీర్పు చెప్పేశాడు. అప్పుడు పడింది దెబ్బ: "ఆ మనుష్యుడవు నీవే."

చూశారా, రాజు నోట వచ్చిన తీర్పులోనే తిరిగి ఇవ్వడం ఉంది. కాని ఎవరికి ఇస్తాడు? ఊరియా చనిపోయాడు. దావీదు తీసుకున్నది తిరిగి ఇవ్వలేని స్థితిలో నిలబడి ఆ కీర్తన పాడాడు. బలి ఇద్దామన్నా అలాంటి పాపానికి బలి లేదు. అందుకే "విరిగి నలిగిన హృదయమును నీవు అలక్ష్యము చేయవు" అని దాన్నొక్కదాన్నే పట్టుకున్నాడు. మీ సంగతి అది కాదు. మీ అక్క బతికి ఉంది. బస్సెక్కితే సాయంత్రానికి వాళ్ళింట్లో ఉంటారు. తిరిగి ఇవ్వలేనివాడి కీర్తనని, తిరిగి ఇవ్వగలిగినవాళ్ళం మన చాటు కోసం వాడుకోకూడదు.

తిరిగి ఇవ్వగలిగినవాడికి లేఖనం ఏం చెప్తుందో లేవీయకాండము 6వ అధ్యాయం మొదటి 7 వచనాల్లో ఉంది. ఒకడు తన పొరుగువాడిని మోసం చేశాడు, లేదా అప్పగించిన సొమ్ము లేదన్నాడు, లేదా బలవంతంగా తీసుకున్నాడు. ఈ భాగం మొదలవడమే దాన్ని యెహోవాకు చేసిన ద్రోహంగా చెప్తూ మొదలవుతుంది. పొరుగువాడిని మోసం చేస్తే ద్రోహం యెహోవాకి! "నీకు కేవలము నీకే" అన్న మాటకి అర్థం ఇక్కడుంది. అక్కకి చేసినదాన్ని దేవుడు తనకి చేసినట్టు లెక్కపెట్టుకుంటాడు, అంతేగాని అక్క లెక్కలోంచి పోదు. ఆ మనిషి ఏం చెయ్యాలి? తీసుకున్నది మొత్తం తిరిగి ఇవ్వాలి, దానికి అయిదోవంతు కలపాలి, సొంతదారు చేతికే ఇవ్వాలి. అదీ ఎప్పుడు? తన అపరాధపరిహారార్థబలి అర్పించే రోజునే. ఆ తర్వాత పొట్టేలు. ఒక చేతిలో పొట్టేలు తాడు పట్టుకుని, ఇంకో చేత్తో పొరుగువాడి సొమ్ము పట్టుకుని బలిపీఠం దగ్గరికి వెళ్ళడానికి ధర్మశాస్త్రంలో దారి లేదు. యేసు ప్రభువు కొండమీద చెప్పింది కూడా ఇదే. అర్పణ బలిపీఠం ముందే పెట్టి, మొదట వెళ్ళి సహోదరునితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమన్నాడు (మత్తయి 5:23, 24). మీరు మొదటి ఆదివారం ఫోను వంకతో బయటికి వెళ్తున్నారు చూడండి, బయటికి వెళ్ళడం వరకు మీ కాళ్ళు సరైన దారిలోనే తీసుకెళ్తున్నాయి. మందిరం మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు, అదే ఇబ్బంది. ఇంకాస్త ముందుకి, బస్టాండు దాకా నడవాలి.

బాప్తిస్మంలో అన్నీ పోయాయన్నారు కదా ఆ సేవకుడు. పాపం పోయింది, నిజమే. పొలం పోలేదు కదా. అది ఇప్పటికీ మీ పాస్‌బుక్‌లోనే ఉంది, ఏటేటా కౌలు మీకే వస్తోంది. జరిగిపోయినదాన్ని తవ్వుకోవద్దు అనడం వేరు, ఇంకా జరుగుతున్నదాన్ని కొనసాగనివ్వడం వేరు. "వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును" అని సామెతలు 28:13. ఒప్పుకోవడం మీరు చేస్తూనే ఉన్నారు. విడిచిపెట్టడం మిగిలింది.

స్లాబుకి ఇచ్చిన 50 వేల గురించి ఎక్కువ చెప్పను. ఇచ్చేటప్పుడు మీ గుండెలో ఏముందో దేవునికి తెలుసు. ఒకరి దగ్గర తీసుకున్న బాకీ ఇంకొకరికి కడితే తీరదు, అంతే.

ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. ఇదంతా చదివి, పొలం తిరిగిస్తేనే దేవుడు క్షమిస్తాడు, అది క్షమాపణకి ధర అనుకుంటారేమో. కాదు. సుంకం వసూలు చేసే జక్కయ్యని చూడండి. మేడిచెట్టు మీదున్నవాడిని ప్రభువు పేరు పెట్టి పిలిచి, "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నది ముందు. నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని జక్కయ్య అన్నది తర్వాత. కనికరం ముందు నడిచింది, డబ్బు సంచి దాని వెనక వచ్చింది. అటు ప్రభువుని పట్టించిన యూదా కూడా డబ్బు తిరిగిచ్చాడు, 30 వెండి నాణెములు. "పాపము చేసితిని" అని నోటితో కూడా అన్నాడు. కాని ప్రభువు దగ్గరికి రాలేదు, దేవాలయంలో నాణేలు పారేసి వెళ్ళిపోయాడు. కాబట్టి ముందు మీరు ఈ రాత్రే దేవుని దగ్గరికి రండి. మోకాళ్ళ మీద ఉండి, "ప్రభువా, అక్క ఎకరంన్నర నేను అబద్ధమాడి తీసుకున్నాను" అని ఆ మాటల్లోనే చెప్పండి. తర్వాత కొంచెంసేపు ఏమీ మాట్లాడకండి. క్షమాపణ అక్కడే అందుకోండి. క్షమాపణ పొందినవాడిగా అక్క దగ్గరికి వెళ్ళండి, దాన్ని సంపాదించుకోవడానికి కాదు.

మరి దేవుడు క్షమిస్తే శాంతి ఎందుకు లేదు అన్నది మీ అసలు బాధ. దీనికి నాకు దొరికిన జవాబు ఆదికాండములో ఉంది, తోబుట్టువుల సంగతే. యోసేపుని అన్నలు అమ్మేశారు. అప్పుడతనికి 17 ఏళ్ళు. దాదాపు 20 ఏళ్ళ తర్వాత ఐగుప్తులో చిక్కుల్లో పడినప్పుడు వాళ్ళకి మొదట గుర్తొచ్చింది ఏంటంటే, తమ్ముడు బతిమాలుకున్నప్పుడు తాము వినకపోవడం (42:21). మీకు సీసా, కొంగు గుర్తున్నట్టే. తర్వాత, అప్పటికి ఐగుప్తులో పెద్ద అధికారిగా ఉన్న యోసేపు తానెవరో చెప్పి, అన్నల్ని కౌగిలించుకుని, వాళ్ళని గోషెనులో పెట్టి పోషించాడు. క్షమించేశాడు. అయినా 45వ అధ్యాయం మొత్తం జాగ్రత్తగా చదవండి. అన్నలు నోరు తెరిచి "మేము తప్పు చేశాం, క్షమించు" అన్న మాట అక్కడ ఒక్కటి కూడా లేదు. తర్వాత అన్నలు అతనితో మాట్లాడారని ఉంది గాని ఏం మాట్లాడారో లేదు. వాళ్ళు తిన్నారు, ఉన్నారు. వాళ్ళ తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్ళు బతికాడు. ఆ 17 ఏళ్ళూ అన్నలు యోసేపు పెట్టిన అన్నం తింటూ యోసేపంటే భయపడుతూనే ఉన్నారని తండ్రి పోయాక బయటపడింది. ఇప్పుడు మనమీద పగ తీర్చుకుంటాడేమో అన్నారు. అప్పుడు కబురు పంపించారు, మా పాపం క్షమించమని. 50వ అధ్యాయం 17వ వచనం. వాళ్ళు అడిగినట్టు రాసి ఉన్నది అదే మొదటిసారి. అది విని యోసేపు ఏడ్చాడు.

ఎందుకు ఏడ్చాడో రాసి లేదు. ఇన్నేళ్ళూ వీళ్ళు నన్ను నమ్మలేదా అని ఏడ్చాడని నాకనిపిస్తుంది. క్షమాపణ 17 ఏళ్ళ ముందే ఇచ్చి ఉంది. నోటితో ఒప్పుకోలేదు గనుక వాళ్ళకి అది వంటబట్టలేదు. మీకూ అంతే అయ్యుంటుంది తమ్ముడూ. మీరు క్రిస్మస్‌కి చీర పెట్టి మొహం తిప్పుకోవడం, వాళ్ళు గోషెనులో తలొంచుకుని తిరగడం, రెండూ ఒకటే.

నా సంగతి కూడా చెప్తాను. హాస్టల్లో చదువుకునే రోజుల్లో నా గదిలో ఉండే అబ్బాయి పరీక్ష ఫీజు డబ్బులు నేను తీశాను. ఆ నేరం ఇంకొకడి మీద పడింది. నేను మాట్లాడలేదు. ప్రభువుని తెలుసుకున్నాక 9 ఏళ్ళకి వెతుక్కుంటూ వెళ్ళాను, డబ్బు రెండింతలు కవర్లో పెట్టుకుని. అతను కవరు తీసుకుని లెక్కపెట్టుకుని, "సరే, వెళ్ళు" అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు. కౌగిలించుకోవడాలు, కన్నీళ్ళు ఏమీ లేవు. ఎండలో బస్టాండుకి నడుచుకుంటూ వచ్చాను. నేరం మోసినవాడిని కూడా కలిశాను, ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. ఇది ఎందుకు చెప్తున్నానంటే మీ అక్క యోసేపులాగే ఏడ్చి దగ్గరికి తీసుకుంటుందని నేను మాటివ్వలేను. తిట్టొచ్చు. మొగుడు మంచంలో ఉన్నప్పుడు ఈ ఎకరంన్నర ఉండి ఉంటే అని అడగొచ్చు. ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండదు, వినడమే. కానీ ఆ రోజు రాత్రి నేను 9 ఏళ్ళలో మొదటిసారి 32వ కీర్తన పక్కకి తిప్పకుండా చదవగలిగాను. "నేను మౌనినైయుండగా" అని మొదలయ్యే 3వ వచనం నాకు అంతకుముందు గొంతులో అడ్డుపడేది.

ఇక చెయ్యాల్సిన పని. ముందు మీ భార్యకి చెప్పండి, ఆమెకి తెలియకపోతే. పొలం ఇచ్చేది ఇద్దరి ఇంట్లోంచి. అక్క దగ్గరికి ఇద్దరూ వెళ్ళండి. ఆవిడని మీ ఇంటికి పిలిపించవద్దు, ఒకసారి పిలిపించింది చాలు. సంఘంలో సాక్ష్యంగా మైకులో చెప్పవద్దు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు పత్రికలో ఉన్నది ఊరందరికీ అని కాదు. దెబ్బ తగిలింది అక్కకి, మాట వెళ్ళాల్సింది అక్కకి. అప్పటి పరిస్థితులు, అప్పులు, పెద్దవాళ్ళ సలహా అని ఏదీ కలపకండి. "కానీ" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. వాక్యం చూపించి క్షమించమని ఒత్తిడి చెయ్యకండి. క్షమించకపోతే దేవుడు నిన్నూ క్షమించడు అని మోసపోయినవాళ్ళకే బైబిలు తీసి చూపించడం నేను చూశాను, ఒళ్ళు మండుతుంది. ఆవిడకి కావాల్సినంత టైం ఆవిడది.

ఖాళీ చేతుల్తో కూడా వెళ్ళకండి. అమ్మిన 40 సెంట్లు మీ వాటాలోంచి పోయినట్టు లెక్క వేసుకోండి. మిగిలిన రెండెకరాల 60 సెంట్లలో ఎకరంన్నర ఆవిడది, కాలవ వైపు మంచి చెక్క ఉంటే అదే ఇవ్వండి. దస్తావేజు ఎలా రాయించాలో నమ్మకమున్న లాయరుని కనుక్కోండి, రిజిస్ట్రేషన్ ఖర్చు మీరే పెట్టుకోండి. ఈసారి కాగితం ఆవిడ చేతికిచ్చి, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాకే సంతకం. 11 ఏళ్ళ కౌలులో ఆవిడ ఎకరంన్నరకి వచ్చేది ఎంతో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, ఒక్కసారి కట్టలేకపోతే ఏడాదికింతని రాసివ్వండి. అయిదోవంతు మాట చట్టంగా మీ నెత్తిన పెట్టను. అయితే ఆ అయిదోవంతు ఎందుకుందో ఆలోచించండి. అంతకాలం లేకపోవడం వల్ల ఆవిడ పడిన కష్టానికి కూడా లెక్క ఉందని చెప్పడానికే కదా.

అమ్మాయి సంబంధం గురించి మీ భయం నాకు అర్థమైంది. ఆడపిల్ల తండ్రిగా అది చిన్న భయం కాదు. అయినా సంబంధం కుదిరేదాకా ఆగుదాం అనుకోవద్దు. మూడెకరాలో, రెండెకరాల అరవయ్యో చూపించి పెళ్ళిమాటలు మాట్లాడితే అవతలివాళ్ళకి కూడా అక్క పొలమే చూపించినట్టు. రేపు అమ్మాయి కాపురం దాని మీద నిలబడాలి. ఉన్నది ఎకరా పది సెంట్లు, ఇల్లు అని చెప్పండి. దానికి ఒప్పుకునే సంబంధం చూడండి.

క్రిస్మస్ దాకా కూడా ఆగకండి. ఈ వారంలోనే వెళ్ళండి. బయల్దేరే ముందు నాకు ఒక కార్డు రాయండి. ఇంత పెద్ద ఉత్తరంలో అక్క పేరు మీరు ఎక్కడా రాయలేదు. రాస్తే, మీరు బస్సులో ఉన్న టైంకి నేనూ మా ఇంట్లో ఆమె పేరు పెట్టి ప్రార్థన చేస్తాను.